ఆమ్‌కాస్ కోర్స్‌వర్క్ సెక్షన్: వాడి వాడి చెబుతున్న మాట

అమెరికాలో ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటి డాక్టరు చదువు) కాలేజీలకు దరఖాస్తు పెట్టేవాళ్లలో ఎక్కువమంది ఆమ్‌కాస్ గుమ్మం ఎక్కాల్సిందే. మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ నడిపే ఉమ్మడి దరఖాస్తు ఇది. ఒకసారి నింపితే మనం ఎంచుకున్న కాలేజీలన్నిటికీ వెళ్తుంది. దీని గురించి మాట్లాడేవాళ్లంతా వ్యాసం ఎలా రాయాలి, సిఫారసు ఉత్తరాలు ఎవరిని అడగాలి అనే చెబుతారు. చేసిన క్లాసులన్నీ గ్రేడ్లతో సహా ఎక్కించే కోర్స్‌వర్క్ సెక్షన్ ఊసు ఎవరూ ఎత్తరు. తీరా కూర్చున్నాక వారాంతాలు తినేసేది అదే.

నేను గుంటూరులో బీజెడ్‌సీ మధ్యలో ఆపేసి, పెళ్లయ్యి టెక్సస్ వచ్చినదాన్ని. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో మొదటి నుంచి మొదలుపెట్టి, తర్వాత యూనివర్సిటీకి మారి డిగ్రీ చేశాను. తొలిసారి సీటు రాలేదు, మరుసటి ఏడు మళ్లీ పెట్టాను, వచ్చింది. ఆ తర్వాత మా తోడికోడలి కూతురు దరఖాస్తు పెట్టేటప్పుడు పక్కన కూర్చున్నాను. ఇలాంటివే ఇంకో రెండు ఉమ్మడి దరఖాస్తులు, టెక్సస్ వాళ్ల టీఎండీఎస్‌ఏఎస్, డీఓ (ఆస్టియోపతిక్ వైద్యం) కాలేజీల ఆకోమాస్ కూడా వాడాను. కాబట్టి ఇది మొదటి వారం మోజులో రాస్తున్నది కాదు.

ముందే తేల్చేస్తాను. సాఫ్ట్‌వేర్‌గా దీనికి ఐదుకి రెండు ఇస్తాను. దాని వెనకున్న నియమాలకి మాత్రం నాలుగు ఇస్తాను.

రెండు ఎందుకంటే, ఈ రోజుల్లో కూడా ట్రాన్స్‌క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే గ్రేడ్ల పత్రం) అప్‌లోడ్ చేస్తే దానంతటదే నిండే ఏర్పాటు ఇందులో లేదు. ఇక్కడ ఏ కాలేజీలో ఏ క్లాసు చేసినా, వేసవిలో సరదాకి చేసిన కుండల తయారీ క్లాసైనా సరే, ఒక్కొక్కటీ మన చేత్తో ఎక్కించాలి. ఒక ఉదాహరణ చెబుతాను. మా కమ్యూనిటీ కాలేజీలో జనరల్ కెమిస్ట్రీ నంబరు కెమ్ 1411. టెక్సస్‌లో ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలన్నీ ఒకే నంబర్ల పద్ధతి వాడతాయి. అందులో రెండో అంకె క్రెడిట్లు. అంటే 1411లో 4 అంటే నాలుగు క్రెడిట్లు, థియరీ ల్యాబు కలిపి. కొన్ని కాలేజీల్లో ఇదే క్లాసు 1311గా థియరీ మూడు, 1111గా ల్యాబు ఒకటి అని విడివిడిగా ఉంటుంది. దీన్ని ఆమ్‌కాస్‌లో ఎక్కించాలంటే: ఏ కాలేజీ, ఏ విద్యా సంవత్సరం, ఏ టర్మ్, అప్పుడు నేను ఫ్రెష్‌మనా (మొదటి ఏడు) సోఫమోరా (రెండో ఏడు), కోర్సు నంబరు, పేరు, ఏ సబ్జెక్టు వర్గం, ఎన్ని క్రెడిట్లు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్న గ్రేడు, థియరీ మాత్రమేనా, ల్యాబు మాత్రమేనా, రెండూ కలిపా. ఇదంతా ఒక్క క్లాసుకి. నాలుగేళ్ల డిగ్రీకి ఇలాంటివి నలభై యాభై ఉంటాయి.

ఇక్కడ తెలివి వాడకూడదు. ఇది నేను బల్లగుద్ది చెబుతాను. థియరీకీ ల్యాబుకీ విడి గ్రేడ్లు ఉంటే విడిగా, ఒకే గ్రేడు ఉంటే ఒకటిగా. పేరు కాగితం మీద ఎలా ఉంటే అలా. 'ఈ పేరు బాగా లేదు, చదివేవాళ్లకి అర్థం కాదేమో' అని మనం బాగుచేయబోతే అవతల సరిచూసేవాడికి అది తేడాగా కనిపిస్తుంది. కాగితం పక్కన పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు దించడమే పని. వెబ్‌సైట్‌లో కనిపించే పట్టీ మీద ఆధారపడొద్దు, అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ మీకోసం ఒక కాపీ తెప్పించుకోండి. రెంటికీ పేర్లు, టర్ములు చాలాసార్లు కలవవు.

మనవాళ్లకి మింగుడుపడనిది రిపీట్ సంగతి. మన దగ్గర సప్లీ రాసి గట్టెక్కితే ఇక ఆ పేపరు గొడవ వదిలిపోయినట్టే. ఇక్కడ కూడా చాలా కాలేజీల్లో క్లాసు మళ్లీ చేస్తే పాత గ్రేడు లెక్కలోంచి తీసేస్తారు. నాకు బాబు పుట్టిన సెమిస్టర్లో ఫిజిక్స్‌లో డీ వచ్చింది. తర్వాత మళ్లీ చేసి ఏ తెచ్చుకున్నాను. నా కాలేజీ లెక్కలో ఆ నాలుగు క్రెడిట్ల మీద 4.0 ఉంది. ఆమ్‌కాస్ రెండూ లెక్కేస్తుంది: డీకి 1, ఏకి 4, ఎనిమిది క్రెడిట్ల మీద సగటు 2.5. ట్రాన్స్‌క్రిప్ట్ మీద కాలేజీ చూపించే జీపీఏ, ఆమ్‌కాస్ కట్టే జీపీఏ ఒకటి కాకపోవడానికి పెద్ద కారణం ఇదే. ఆకోమాస్‌లో ఒకప్పుడు కొత్త గ్రేడు ఒక్కటే తీసుకునేవారు. 2017 నుంచి అక్కడ కూడా రెండూ కలుపుతున్నారు. విత్‌డ్రా అయిన క్లాసు కూడా ట్రాన్స్‌క్రిప్ట్ మీద డబ్ల్యూ అని ఉంటే దాచడానికి లేదు, పెట్టాల్సిందే. జీపీఏకి దాంతో నష్టమేమీ లేదు, పెట్టకపోతేనే తంటా.

నాకు ఈ నియమం కష్టం కలిగించినా, తప్పని మాత్రం అనను. ఒక కాలేజీ క్షమిస్తుంది, ఇంకో కాలేజీ క్షమించదు. ఒకే క్లాసు రెండుసార్లు చేసిన ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూడాలంటే లెక్క ఒకటే ఉండాలి. ఏ ప్లస్‌కి కూడా 4.0 దాటి ఇవ్వకపోవడం ఇందుకే. ఏ మైనస్‌కి 3.7, బీ ప్లస్‌కి 3.3. క్వార్టర్ పద్ధతిలో (సెమిస్టర్ కన్నా పొట్టి టర్ముల్లో) చదివినవాళ్ల క్రెడిట్లు కూడా సెమిస్టర్ లెక్కలోకి మారుస్తారు, మూడు క్వార్టర్ క్రెడిట్లు రెండు సెమిస్టర్ క్రెడిట్లకు సమానం. సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చదివే మన పిల్లలు ఐదు క్రెడిట్ల క్లాసు ఇక్కడ మూడు చిల్లరగా కనబడితే కంగారు పడక్కర్లేదు.

మరి గుంటూరులో చదివిన చదువు? ఆ కాలేజీ పేరు 'చదివిన సంస్థలు' అన్న చోట రాశాను, అంతే. విదేశీ కాలేజీల మార్కుల్ని ఆమ్‌కాస్ సరిచూడదు, జీపీఏలో కలపదు. మార్కుల మెమోలు పంపుతానన్నా తీసుకోరు. ఇక్కడి కాలేజీ ఏదైనా వాటిని ట్రాన్స్‌ఫర్ క్రెడిట్లుగా ఒప్పుకుంటే ఆ సంగతి వేరు. జువాలజీ ప్రాక్టికల్ రికార్డుల కోసం రాత్రుళ్లు మేలుకుని వేసిన బొమ్మలు కళ్లముందు మెదిలాయి గానీ, ఏం చేస్తాం. ఇండియాలో డిగ్రీ చేసి ఇక్కడ మెడిసిన్ అనుకునేవాళ్లు ఈ సంగతి మొదటి రోజే తెలుసుకోవాలి: ఆమ్‌కాస్ కంటికి మీ జీపీఏ ఇక్కడ చేసిన క్లాసులతోనే మొదలవుతుంది. ప్రీరిక్వజిట్లు (మెడికల్ కాలేజీలు ముందుగా చేసి రమ్మనే క్లాసులు) ఇక్కడ చేయకుండా ఈ ఫారం తెరిచి లాభం లేదు.

బుర్ర వాడాల్సింది ఒక్క చోటే, కోర్సు ఏ వర్గంలోకి వస్తుందో చెప్పేటప్పుడు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి బీసీపీఎం అంటారు (మన బైపీసీకి లెక్కలు తగిలించారనుకోండి). మిగతావన్నీ వేరే గుంపు. కాలేజీలు రెండు జీపీఏలూ విడివిడిగా చూస్తాయి కాబట్టి ఏ క్లాసు ఎటు పోతుందన్నది ముఖ్యం. డిపార్ట్‌మెంట్ పేరు కాదు, క్లాసులో ఏం చెప్పారన్నది లెక్క. బయోస్టాటిస్టిక్స్ పబ్లిక్ హెల్త్ వాళ్లు చెప్పినా అది మ్యాథ్స్. న్యూరోసైన్స్ బయాలజీ. సైకాలజీ మాత్రం బీసీపీఎంలోకి రాదు, ఎంత కష్టమైన సైకాలజీ అయినా. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ కూడా అంతే. దీంతో మన పిల్లల్లో బయోమెడికల్ ఇంజినీరింగ్ వాళ్లకి గుండె జారుతుంది. మంచి గ్రేడు వచ్చిన సైకాలజీని బయాలజీలో తోసేద్దామని చూసేవాళ్లని చూశాను. సరిచూసేవాళ్లు దాన్ని తీసి దాని చోట పెడతారు. మనకి న్యాయమైన వాదన ఉంటే మాత్రం సిలబస్ చూపించి అకడమిక్ చేంజ్ రిక్వెస్ట్ పెట్టొచ్చు. దానికి గడువు కొద్ది రోజులే, ప్రాసెసింగ్ అయిపోయిందని మెయిల్ రాగానే వరస చూసుకోవాలి.

మా తోడికోడలి కూతురి దరఖాస్తులో నాకు కొత్తగా తెలిసినవి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి పరీక్షలు), డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్లో ఉండగానే చేసే కాలేజీ క్లాసులు). నేను హైస్కూలు ఇక్కడ చదవలేదు కాబట్టి ఆ గొడవ నాకు లేదు.

"పిన్నీ, ఇది లెవెంత్‌లో చేసిన క్లాసు. మెడికల్ స్కూల్ వాళ్లకి ఇదెందుకు?" అంది.

"కాలేజీ వాళ్లు గ్రేడిచ్చారా?"

"ఇచ్చారు. బీ."

"అయితే పెట్టాల్సిందే తల్లీ."

అదీ నియమం. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీ క్లాసు చేస్తే ఆ కాలేజీ కూడా మీరు చదివిన సంస్థే. దాని ట్రాన్స్‌క్రిప్ట్ విడిగా తెప్పించాలి, గ్రేడు జీపీఏలో కలుస్తుంది. పదహారేళ్ల వయసులో ఆడుతూ పాడుతూ తెచ్చుకున్న బీ ఇరవై రెండేళ్లకి ఎదురుపడుతుంది. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో తల్లిదండ్రులు పోటీలు పడి పిల్లల చేత డ్యూయల్ క్రెడిట్ చేయిస్తున్నారు. పిల్లకి మెడిసిన్ ఆలోచన ఉంటే ఆ క్లాసులో 'ఏ' తెచ్చుకునే ఓపిక ఉందో లేదో చూసుకుని చేయించండి. ఆ క్లాసు తర్వాత యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ట్రాన్స్‌ఫర్‌గా మళ్లీ కనిపిస్తుంది, దాన్ని రెండోసారి ఎక్కించకూడదు. ఎక్కడ చదివారో అక్కడే, ఒక్కసారే. ఏపీ పరీక్షల సంగతి వేరు: యూనివర్సిటీ క్రెడిట్ ఇచ్చి ఉంటే ఆ యూనివర్సిటీ పేరు కింద గ్రేడు లేకుండా పెట్టాలి, జీపీఏకి సంబంధం లేదు.

అసలు టెన్షన్ ఎక్కించడంలో కాదు, ఆ తర్వాత. ఫారం మే మొదట్లో తెరుస్తారు, మే చివర్లో గానీ సబ్మిట్ చేయనివ్వరు. ఆ మధ్య కాలం కోర్స్‌వర్క్ కోసమే అనుకోండి. సబ్మిట్ చేశాక ఆమ్‌కాస్ మనిషి మన వరసని ట్రాన్స్‌క్రిప్ట్‌తో పోల్చి చూస్తాడు. వేసవి రద్దీలో దీనికి ఆరు వారాల దాకా పడుతుంది. క్యూలో మన వంతు సబ్మిట్ చేసిన రోజు నుంచే మొదలవదు, మన ట్రాన్స్‌క్రిప్టులన్నీ అందాకే మొదలవుతుంది. చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టు చూసి ఇంటర్వ్యూలకి పిలుస్తాయి, అందుకే ఒక్క కాగితం ఆలస్యమైతే ఏడాది మీద ప్రభావం పడుతుంది.

నా మొదటి దఫాలో అదే జరిగింది. యూనివర్సిటీది రెండు రోజుల్లో ఎలక్ట్రానిక్‌గా చేరిపోయింది. కమ్యూనిటీ కాలేజీ వాళ్లు మాత్రం ఆమ్‌కాస్ ఇచ్చే ట్రాన్స్‌క్రిప్ట్ రిక్వెస్ట్ ఫారం జత చేయకుండా ఉత్త కాగితం పోస్టులో పంపారు. ఆ ఫారం మీద ఉండే నంబరే ఆ కాగితం ఎవరిదో చెప్పేది. ఫోన్ చేస్తే 'పంపేశాం' అంటారు, ఇటు చూస్తే 'అందలేదు' అని ఉంటుంది. మళ్లీ డబ్బు కట్టి మళ్లీ పంపించుకునేసరికి జూన్ గడిచిపోయింది. కాబట్టి ఎలక్ట్రానిక్‌గా పంపే వీలుంటే పోస్టు జోలికి పోవద్దు. స్ప్రింగ్ గ్రేడ్లు ఎక్కాకే పంపమని అడగండి, చాలా కాలేజీల ఆర్డర్ ఫారంలో అందుకు ఒక గడి ఉంటుంది. తప్పులు ఒకటీ రెండూ ఉంటే వాళ్లే దిద్దుతారు. ఎక్కువుంటే దరఖాస్తు మొత్తం వెనక్కి పంపుతారు, మళ్లీ క్యూ.

టీఎండీఎస్‌ఏఎస్‌తో పోలిస్తే? ఎక్కించే శ్రమలో తేడా లేదు. గ్రేడ్ల లెక్కలో ఉంది: అక్కడ ప్లస్సులూ మైనస్సులూ చూడరు. ఏ మైనస్ అయినా 4, బీ ప్లస్ అయినా 3. నాకు ఏ మైనస్‌లు ఎక్కువ కాబట్టి కలిసొచ్చింది, బీ ప్లస్‌లు ఎక్కువున్నవాళ్లకి ఏడుపే. ఫీజు కూడా అక్కడ ఎన్ని కాలేజీలకైనా ఒకటే. ఆమ్‌కాస్‌లో మొదటి కాలేజీకి ఒక ఫీజు, ఆపైన ఒక్కో కాలేజీకి మళ్లీ విడిగా. ఇరవై కాలేజీలు పెట్టేవాళ్లు ముందే లెక్క చూసుకోండి. తక్కువ ఆదాయం ఉంటే ఏఏఎంసీ వాళ్ల ఫీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ ఉంది, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

రెండోసారి దరఖాస్తు పెట్టేవాళ్లకి ఒక ఊరట: పాత కోర్సులు మళ్లీ టైపు చేయక్కర్లేదు, తెరవగానే కనిపిస్తాయి. అయితే పోయినేడు 'ప్రస్తుతం చదువుతున్నవి' అని పెట్టిన క్లాసులకి ఇప్పుడు గ్రేడ్లు ఎక్కించాలి, కొత్తవి కలపాలి, పై నుంచి కింద దాకా ఇంకోసారి కాగితంతో పోల్చాలి.

ఆకోమాస్‌లో డబ్బు కడితే కోర్సులు వాళ్లే ఎక్కించే సదుపాయం ఉంది. ఉద్యోగం చేస్తూ మూడు నాలుగు కాలేజీల్లో చదివినవాళ్లకి అది పనికొస్తుంది. నేనైతే కట్టలేదు. ఎలాగూ చివర్లో వాళ్లు ఎక్కించింది సరిగ్గా ఉందో లేదో మనమే కూర్చుని చూడాలి, ఆ చూడటంలోనే సగం పని ఉంది.