పెదవాల్తేరులో పోస్ట్ మోడర్నిజం క్లాసులు: చేరొచ్చు, కానీ...

గాజువాకలో ఇంటర్ పిల్లలకి తెలుగు చెబుతాను. పోస్ట్ మోడర్నిజం (ఆధునికత నమ్మకాలను ప్రశ్నించే ఆలోచనా ధోరణి) మీద ఎన్ని వ్యాసాలు చదివినా పేర్లు గుర్తుండేవి గానీ విషయం బుర్రకెక్కేది కాదు. అందుకే పెదవాల్తేరులో ఒక మేడ మీద హాల్లో ఆదివారాలు జరిగే ఈ పరిచయ కోర్సులో చేరాను. ఫీజు 1,200 రూపాయలు. దండగ కాలేదు.

మేడమ్ మొదలుపెట్టిన తీరు నాకు బాగా నచ్చింది. ఫ్రెంచ్ తత్వవేత్త లియోతార్ పేరు ఎత్తకముందే, ఈ విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ (పుస్తకంగా వచ్చింది 1950లో) తీశారు. "మనుషులంతా కలిసి ఒక కొత్త లోకం వైపు నడుస్తారన్న నమ్మకం మీలో ఎవరికి మిగిలింది?" అని అడిగారు. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన ఒక పెద్దాయన "నాకుందమ్మా" అని గట్టిగా అన్నారు. ఇక హాలంతా వాదనే. ఆ వేడిలోనే లియోతార్ 1979లో రాసింది చెప్పారు: చరిత్రంతటినీ ఒక్క కథలో ఇమిడ్చే మహాకథనాల మీద నమ్మకం పోవడమే ఈ పోస్ట్ మోడర్న్ కాలపు లక్షణమని. అప్పుడర్థమైంది.

ఇంకో ఫ్రెంచ్ ఆలోచనాపరుడు బోద్రియార్ మీద క్లాసులో ఫంక్షన్ హాలు ఫొటో చూపించారు. పెళ్లి మండపం వెనక థర్మాకోల్ గోపురం. ఏ గుడిది? ఏ గుడిదీ కాదు. డెకరేషన్ వాళ్లు ఇంకో పెళ్లి ఫొటో చూసి కట్టింది. బోద్రియార్ చెప్పే ‘అసలు లేని నకలు’ అంటే ఏమిటో ఇంతకంటే ఎవరూ చెప్పలేరు.

అమెరికన్ విమర్శకుడు జేమ్సన్‌ని మాత్రం పరుగులు పెట్టించారు. ఇచ్చిన ఇంగ్లిష్ జెరాక్సుల్లో సగం అక్షరాలు అలుక్కుపోయాయి.

నా అసలు ఫిర్యాదు వేరే. స్త్రీవాద కవితల సంకలనం ‘నీలి మేఘాలు’ (1993), దళిత కవితల సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ (1995) చివరి అరగంటలో వచ్చాయి. అందరి కథ అని చెప్పినదాంట్లో మేం లేమని స్త్రీలు, దళితులు నిలదీసిన కవిత్వం అది. ఏ సత్యమూ గట్టిది కాదంటే 1985లో కారంచేడులో దళితుల్ని చంపడం కూడా ఒక కథేనా అని అడిగాను. "జరిగినదాన్ని కాదు, అందరి తరఫునా మాట్లాడే హక్కు నాదే అనేవాణ్ణి అనుమానించాలి" అన్నారు మేడమ్. చాలా మంచి జవాబు. దాని మీద గంటసేపు మాట్లాడుకోవాల్సింది, టైమైపోయింది. తర్వాతి బ్యాచ్‌కి దీనికే ఒక ఆదివారం పూర్తిగా ఇవ్వమని అడిగాను, చూస్తానన్నారు.

పీజీ తెలుగు పిల్లలు తప్పకుండా చేరండి. జెరాక్సులు వద్దని చెప్పి, పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో ముందే పంపమనండి. లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మెట్లు కష్టమే.