ఢిల్లీ వెళ్తే జైపూర్ హౌస్‌కి ఒక పూట ఉంచుకోండి

దసరా సెలవుల్లో ఢిల్లీ వెళ్లే మనవాళ్ల జాబితాలో ఎర్రకోట, కుతుబ్ మీనార్, ఆగ్రా తప్పకుండా ఉంటాయి. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అనే చిత్రకళా మ్యూజియం మాత్రం ఎవరి జాబితాలోనూ పెద్దగా కనిపించదు. ఇండియా గేట్ చుట్టూ ఉన్న రోడ్డు మీదే, గుమ్మటం ఉన్న భవనంలో ఉంటుంది. పదకొండేళ్ల అమ్మాయితో, ఏడేళ్ల అబ్బాయితో వెళ్లిన మాకు మొత్తం ట్రిప్‌లో బాగా నచ్చిన చోటు అదే.

జైపూర్ మహారాజు ఢిల్లీ నివాసంగా 1936లో కట్టిన జైపూర్ హౌస్ ఇది. పై నుంచి చూస్తే సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుందని చెప్పగానే మావాడు రెక్కలు ఎటు వస్తాయో వెతుక్కుంటూ నడిచాడు. 1954లో అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇక్కడ గ్యాలరీని ప్రారంభించారు. 2009లో కొత్త వింగ్ కూడా తోడైంది. అది చాలా పెద్దది, పిల్లలతో అంతా చూసేద్దామనుకుంటే కాళ్లనొప్పులే మిగులుతాయి. టిఫిన్ తిని పొద్దున్నే వెళ్లండి, ముందే రెండు మూడు గదులు అనుకుని వాటిలోనే తీరిగ్గా గడపండి.

మేం ఎక్కువసేపు ఆగింది చిత్రకారుడు నందలాల్ బోస్ హరిపురా పోస్టర్ల దగ్గర. 1938లో గుజరాత్‌లోని హరిపురాలో జరిగిన కాంగ్రెస్ మహాసభ కోసం గాంధీజీ అడిగితే వేసిన బొమ్మలివి. డోలు వాయించేవాడు, దర్జీ, వడ్రంగి, వంట చేసే ఆడవాళ్లు, అందరూ పల్లెల్లో పని చేసుకునే మనుషులే. నాలుగు గీతల్లో మనిషి కదులుతున్నట్టే ఉంటాడు. పక్కన రాసింది చదవకుండా ఎవరు ఏం పని చేస్తున్నారో చెప్పాలని పిల్లలిద్దరూ పందెం వేసుకున్నారు. డోలు వాయించే మనిషిని చూసి మావాడు అక్కడే ఒళ్లు వంచి నిలబడి చూపించాడు. ఆ పోస్టర్ల ముందు పిల్లలకు మనం వివరించాల్సింది ఏమీ లేదు.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ గదిలో మా అమ్మాయి ఆగిపోయింది. 1935లో వేసిన 'త్రీ గర్ల్స్' బొమ్మలో ముగ్గురమ్మాయిలు పక్కపక్కనే కూర్చుని కూడా ఒకరినొకరు చూసుకోరు. "వీళ్లకి ఏమైందమ్మా?" అంది. నీకేమనిపిస్తోందని అడిగాను. కాసేపు చూసి, "ఎవరో ఏదో చెప్పారు, వీళ్లు కాదనలేకపోతున్నారు" అంది. ఆ మాట నాకు చాలా ముచ్చటేసింది. అమృత 28 ఏళ్లకే, 1941లో చనిపోయిందని తెలిసి మళ్లీ వెనక్కి వెళ్లి చూసొచ్చింది.

రవీంద్రనాథ్ టాగూర్ బొమ్మల దగ్గర పిల్లలకు ఒక సంగతి చెప్పండి. ఆయన బొమ్మలు వేయడం గట్టిగా మొదలుపెట్టింది అరవై దాటాకే. రాతప్రతిలో కొట్టేసిన మాటలను గీతలతో కలిపి పక్షులుగా, వింత జంతువులుగా మార్చేవారు. ఈ ముక్క విన్నాక మావాడు హోటల్లో బిల్లు వెనక కూడా అదే పని చేశాడు.

పెద్దలకు టికెట్ ఇరవై రూపాయలు. సోమవారం సెలవు. గోడల మీద బొమ్మలు మారుస్తుంటారు కాబట్టి ఫలానాది తప్పకుండా చూపిస్తానని పిల్లలకు మాటివ్వకండి. మెట్రోలో అయితే ఖాన్ మార్కెట్‌లో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. బయట పచ్చిక, శిల్పాలు ఉన్నాయి, పిల్లలు ఊపిరి పీల్చుకోవడానికి బాగుంటుంది.

మధ్యాహ్నం భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లాం, దూరమేమీ కాదు. పప్పు, పొడి, నెయ్యి, అడిగినంత అన్నం. ఊరు వదిలాక పిల్లలు మారాం చేయకుండా తిన్నది అక్కడే. ఆదివారం బిర్యానీ కోసం క్యూ బారుగా ఉంటుంది, ఆకలితో ఉన్న చిన్నపిల్లలతో ఆ రోజు వద్దు.

బస మాత్రం బాధ పెట్టింది. కరోల్ బాగ్‌లో ఒక హోటల్, ఫొటోల్లో పెద్ద కిటికీ చూపించి, కిటికీయే లేని గది ఇచ్చారు. అడిగితే అదనంగా కట్టమన్నారు. మావారు గట్టిగా మాట్లాడాక గది మార్చారు గానీ ఆ రాత్రి పిల్లలకు నిద్ర లేదు. బుక్ చేసేముందు ఫోన్ చేసి కిటికీ, వేడినీళ్లు, లిఫ్ట్ గురించి విడివిడిగా అడగండి. కాస్త ఎక్కువైనా మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే చోటే తీసుకోండి, ట్రాఫిక్‌లో క్యాబ్ కోసం పిల్లలతో ఎదురుచూడటం పెద్ద టెన్షన్. ఇంకో పూట మిగిలితే చాణక్యపురిలోని రైల్ మ్యూజియం చూపించండి, చిన్నవాళ్లు ఎగిరి గంతేస్తారు.