సియాటిల్ మారినర్స్ బ్యాటింగ్ చూడాలంటే: ఏ నెలలో వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి

సియాటిల్ బేస్‌బాల్ జట్టు మారినర్స్ బ్యాటర్లను టీవీ ముందు కూర్చుని తిట్టేవాళ్లు ఒక్కసారైనా ఆ జట్టు సొంత మైదానం టీ-మొబైల్ పార్క్‌కి వెళ్లాలి. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ మేజర్ లీగ్ (ఎంఎల్‌బీ)లో పరుగులు ఇంత కష్టంగా వచ్చే మైదానం దొరకదు. ఏప్రిల్ రాత్రుల చలిగాలిలో బంతి దూరం పోదు. పైకప్పు వేసినా లాభం లేదు. అది వాన ఆపుతుంది, కానీ పక్కలు తెరిచే ఉంటాయి కాబట్టి లోపల వెచ్చబడదు. స్వెట్టర్ తప్పనిసరి.

ఆట చూస్తూ ఎంఎల్‌బీ యాప్ తెరిచి పెట్టుకోండి. బంతి బ్యాట్‌ని వదిలిన వేగం, లేచిన కోణం అందులో కనిపిస్తాయి. గంటకు 100 మైళ్లు, 28 డిగ్రీలు అంటే చాలా మైదానాల్లో హోమ్ రన్ (కంచె దాటే దెబ్బ) ఆశించవచ్చు. ఇక్కడ ఏప్రిల్‌లో నేరుగా సెంటర్‌కి (మైదానం మధ్యభాగానికి) కొడితే అదే బంతి కంచె ముందు ఫీల్డర్‌కి చిక్కుతుంది. అక్కడ కంచె 401 అడుగులు మరి. ఎడమ మూల (లెఫ్ట్ లైన్) 331, కుడి మూల (రైట్ లైన్) 326. అందుకే బంతిని ముందుగా అందుకుని, తన వైపు మూలకి, గాల్లోకి లేపేవాడే ఇక్కడ నెగ్గుతాడు. జట్టు క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడు) కాల్ రాలీ చేసింది అదే. 2025లో 60 హోమ్ రన్లు! క్యాచర్లలో ఇంతకుముందు రికార్డు 48, మారినర్స్ రికార్డు పాత స్టార్ కెన్ గ్రిఫీ జూనియర్ 56.

తప్పంతా మైదానానిది కాదు. 2024లో జట్టు బ్యాటింగ్ సగటు .224 (వెయ్యి ప్రయత్నాల్లో 224 హిట్లు, అంటే బంతి కొట్టి బేస్ చేరడం), స్ట్రైకౌట్లు (బంతిని మైదానంలోకి కొట్టకుండానే ఔటవడం) విపరీతం. స్ట్రైకౌట్‌కి గాలితో పనేముంది? ఒక్క గెలుపు తేడాతో ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) పోయాయి. ఆ ఆగస్టులోనే జట్టు పాత ఆటగాళ్లు డాన్ విల్సన్ మేనేజర్‌గా, ఎడ్గార్ మార్టినెజ్ బ్యాటింగ్ బాధ్యతకు వచ్చారు. 2025లో 2001 తర్వాత తొలి డివిజన్ (లీగ్‌లోని తమ గ్రూపు) టైటిల్ దక్కింది, అమెరికన్ లీగ్ ఫైనల్లో టొరంటో జట్టుతో ఏడో మ్యాచ్ దాకా వెళ్లి అక్కడే ఓడారు. ఆ ఓటమి ఇప్పటికీ గుచ్చుతుంది.

చలిలో బంతి దూరం పోదు కాబట్టి జులై, ఆగస్టు మ్యాచ్‌లకే టికెట్ తీయండి. జట్టు స్టార్ బ్యాటర్ హూలియో రోడ్రిగెజ్ కూడా వేసవిలోనే వేడెక్కుతాడు. 2023 ఆగస్టులో నాలుగు మ్యాచ్‌లలో 17 హిట్లు కొట్టాడు. హోమ్ రన్ల జాతరే కావాలంటే డెన్వర్ మేలు. అక్కడ పలుచటి గాలిలో కర్వ్ బంతి సరిగా వంగదు, కొట్టిన బంతి ఆగదు. డెన్వర్ విమానాశ్రయం నుంచి రైలు 10 డాలర్లు, యూనియన్ స్టేషన్‌లో దిగి మైదానానికి నడిచిపోవచ్చు. కానీ బ్యాటర్ కష్టం అర్థం కావాలంటే సియాటిలే.

సీటు పైఅంతస్తులో, హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక, 330 సెక్షన్ చుట్టుపక్కల చూసుకోండి. కింది సీట్ల కంటే చవక, బంతి దారి మొత్తం కనిపిస్తుంది. బయటి తిండి లోపలికి రానిస్తారు. పులిహోర, పెరుగన్నం ఒక్కొక్కరికీ విడివిడిగా కట్టుకెళ్తే సరి. బ్యాగు కొలతల నియమం మాత్రం ముందే చూసుకోండి.

బసకు మైదానం పక్కనున్న పయొనీర్ స్క్వేర్ ప్రాంతం అయితే నడకే, కానీ ఖరీదు. సియాటిల్-టాకోమా విమానాశ్రయం దగ్గరి హోటళ్లు పొదుపు. లైట్ రైల్ టికెట్ 3 డాలర్లు, స్టేడియం స్టేషన్‌లో దిగాలి. కారు వద్దు, పార్కింగ్ జేబు ఖాళీ చేస్తుంది. తిరుగు ప్రయాణంలో స్టేడియం స్టేషన్ కిటకిటలాడుతుంది. విమానాశ్రయం వైపు వెళ్లేవాళ్లు ఉత్తరంగా కాస్త నడిచి, ఒక స్టేషన్ ముందే, ఇంటర్నేషనల్ డిస్ట్రిక్ట్‌లో ఎక్కితే కూర్చునే వీలుంటుంది.