పదకొండు సెకన్ల రేడియో: ఇంటి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ మూడేళ్ల వాడకం తర్వాత

మా ఇంటి ముందు రోడ్డు మీద కార్లు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. పాటని గాల్లోంచి ఎఫ్ఎం రేడియోలకు పంపే నా చిన్న ట్రాన్స్‌మిటర్ ఇంటికి అటు 60 మీటర్లు, ఇటు 60 మీటర్ల దాకా అందుతుంది. లెక్కేస్తే ఒక్కో శ్రోత నాకు దొరికేది 11 సెకన్లే. కొనేటప్పుడు ఈ లెక్క వేసుకోలేదు. పాటకు తగ్గట్టు వెలిగి ఆరే దీపాలు ఇంటి ముందు అమర్చుకున్నాను. బయట స్పీకర్లు పెడితే ఇరుగుపొరుగు ఊరుకోరు. అందుకే పాటని నేరుగా కార్లలోకే పంపిద్దామనుకున్నాను, అంతే.

పెట్టె అరచేతిలో ఇమిడిపోతుంది. చిన్న డిస్‌ప్లే, రెండు బటన్లు, ఆడియో వైరుకి ఒక సాకెట్, కరెంటుకి యూఎస్‌బీ, పైన లాగితే సాగే యాంటెన్నా. 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. లోపల ఫ్రీక్వెన్సీని జరగకుండా పట్టి ఉంచే క్రిస్టల్, పీఎల్ఎల్ సర్క్యూట్ ఉన్నాయి కాబట్టి పెట్టిన ఫ్రీక్వెన్సీ పెట్టినచోటే ఉంటుంది. దీనికి ముందు ఒకే ట్రాన్సిస్టర్ ఉన్న కిట్ ఒకటి సొంతంగా సోల్డర్ చేశాను. దాని దగ్గరికి చెయ్యి పోనిస్తే చాలు, స్టేషన్ జరిగిపోయేది. ఆ సరదా తీరిపోయాకే ఇది కొన్నాను.

అసలు కష్టమంతా ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతుక్కోవడంలోనే ఉంది. ఇంట్లో కూర్చుని రేడియో తిప్పి, ఖాళీగా ఉందని 90.4 పెట్టాను. రోడ్డు మీదికెళ్లి కారులో వింటే అక్కడ ఏదో దూరపు స్టేషన్ సన్నగా వస్తోంది. గోడల మధ్య అందనిది కారు యాంటెన్నాకి అందుతుంది మరి. ఎఫ్ఎంలో ఇంకో చిత్రం ఉంది. రెండు స్టేషన్లు ఒకేచోట పడితే రెండూ కలిసి వినిపించవు, బలమైనదే పైచేయి. కారు మా గేటు దగ్గరున్నంతసేపు నా పాట. నాలుగిళ్లు దాటగానే కత్తిరించినట్టు వాళ్ల ప్రకటన. పైగా దీపాలు చూడ్డానికి వచ్చిన ఒకాయన, "మా కారులో 90.4 లేదండీ, 90.3 తర్వాత 90.5కి పోతోంది" అన్నాడు. అమెరికా మార్కెట్ కోసం చేసిన కారు రేడియోలు చాలావరకు అంతే, 0.2 చొప్పున జరుగుతూ చివర బేసి అంకె ఉన్న చోటే ఆగుతాయి. చివరికి కారులోనే కూర్చుని, పగలొకసారి రాత్రొకసారి విని, రెండు పక్కలా బలమైన స్టేషన్ లేని 90.7కి మార్చాను. 108 అంచుకి మాత్రం పోకండి. దాని పైనుంచే విమానాల బ్యాండ్ మొదలవుతుంది.

మెనూలో ఎక్కడో దాక్కున్న మోనో ఆప్షన్ (ఎడమ, కుడి వేరు చేయకుండా ఒకే ధ్వనిగా పంపేది) ఆరు నెలల దాకా నా కంటపడలేదు. అప్పటిదాకా పాట వెనక ఎప్పుడూ ఉస్సుమనే శబ్దమే. స్టీరియోలో ఎడమ, కుడి తేడా 38 కిలోహెర్ట్జ్ చుట్టూ విడిగా ప్రయాణిస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే ముందు ఆ భాగంలోకే రొద చేరుతుంది. మోనో చేయగానే ఆ ఉస్సు దాదాపు పోయింది. పోయే కారులో ఎడమేదో కుడేదో ఎవరు చూస్తారు? ఇప్పటికీ కారు కదులుతుంటే పాట అక్కడక్కడ టక్కుటక్కుమని తెగుతుంది. గోడలకీ ఆగి ఉన్న బళ్లకీ తగిలి వెనక్కొచ్చిన తరంగాలు అసలు తరంగంతో కలిసేచోట సిగ్నల్‌లో ఒక్కో గుంత పడుతుంది. ఈ బ్యాండ్‌లో తరంగం పొడవు సుమారు 3 మీటర్లు కాబట్టి ఆ గుంతలూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. దీనికి నా దగ్గర మందు లేదు.

సౌండ్ లెవెల్ దగ్గర కూడా దెబ్బతిన్నాను. లాప్‌టాప్ వాల్యూమ్ పూర్తిగా పెంచితే పాటలో 'స', 'ష' వచ్చినప్పుడల్లా చిరిగిన స్పీకర్‌లా వినిపించేది. ట్రాన్స్‌మిటర్ పంపే ముందే పదును స్వరాలను కాస్త ఎత్తి పంపుతుంది, అందుకే ముందు అవే విరుగుతాయి. ఇప్పుడు వాల్యూమ్ సగం దాటనివ్వను. మామూలు స్టేషన్ కన్నా కొంచెం మెల్లగా వినిపిస్తుంది, పర్వాలేదు. ఛార్జర్ నుంచి వచ్చే బర్రుమనే మోత పవర్ బ్యాంక్ పెట్టగానే పోయింది. బ్లూటూత్‌తో పంపితే పాట దీపాల కన్నా వెనకబడింది. డప్పు దెబ్బకి ముందే దీపం వెలిగిపోతుంటే చూడలేకపోయాను. వైరే వాడండి.

రేంజ్ చాలదని ఒక రాత్రి యాంటెన్నాకి మీటరు వైరు చుట్టాను. మలుపు దాకా వెళ్లింది, సంబరపడ్డాను. పొద్దున్నే పక్కింటావిడ వచ్చి, "మా వంటింటి రేడియోలో మేం పెట్టింది రావట్లేదు, మీ పాటలే వస్తున్నాయండీ" అంది. ఆ క్షణమే వైరు తీసేశాను. అమెరికాలో లైసెన్సు లేని ఎఫ్ఎంకి 3 మీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకు 250 మైక్రోవోల్టులే హద్దు. యూరప్‌లో చాలాచోట్ల పంపే శక్తికి 50 నానోవాట్లు. పెట్టె దొరుకుతోంది కదా అని వాడేయకుండా, మీ దేశంలో అసలు అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి.

ఏ ఫ్రీక్వెన్సీ పెట్టాలో కార్లకి చూపించే రోడ్డు పక్క బోర్డు గురించి చెప్పకపోతే ఇదంతా దండగ. కారు రేడియో తనంతట తాను వెతికేటప్పుడు ఇంత చిన్న సిగ్నల్ దగ్గర ఆగదు. మొదట "దీపాల పాట వినాలంటే ఎఫ్ఎం" అంటూ రెండు వరుసలు రాశాను. అది చదివేసరికే కారు దాటిపోయేది. ఇప్పుడు మూరెడు ఎత్తు అంకెలు, 90.7, అంతే. అదీ ఇంటికి బాగా ముందు, కారు వచ్చే దిక్కున. పాటల మధ్య నా గొంతుతో పెట్టిన స్వాగతం కూడా తీసేశాను. పదకొండు సెకన్లలో అది ఎవరికి తగిలేది?

నా మార్కు ఐదుకి మూడున్నర. పని బాగానే చేస్తుంది, కానీ పెట్టెకి కరెంటు ఆగి మళ్లీ వస్తే పెట్టిన ఫ్రీక్వెన్సీ మర్చిపోయి 87.5కి పోతుంది. ఒక రాత్రి రెండు గంటలపాటు బోర్డు మీద 90.7, గాల్లో 87.5. రోడ్డు పక్కన ఆగిన కార్లలో జనం దీపాలు చూస్తూ రేడియో తిప్పుతూనే ఉన్నారు. నేనేమో లోపల కూర్చుని ఎంతమంది వింటున్నారో అని మురిసిపోతున్నాను.