ఈఎంఐ ఆగిపోయిన ఇల్లు: గడువు పెంచుకోవాలా, అమ్ముకోవాలా, వడ్డీకి తేవాలా?

విజయనగరం తోటపాలెంలో మా తమ్ముడికి చిన్న డాబా ఇల్లుంది. పైడిభీమవరం వైపు ఓ ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయాక నాలుగు ఈఎంఐలు ఆగిపోయాయి. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కవరును మరదలు భయపడి విప్పకుండానే బీరువాలో పట్టుచీరల కింద దాచేసింది. నేను వెళ్లి పిన్నులు ఊడదీసి చదివేసరికి, బాకీ కట్టమని బ్యాంకు నోటీసులో ఇచ్చిన 60 రోజుల్లో 41 అయిపోయాయి.

"ఏటి సెయ్యమంటావన్నయ్యా?" అన్నాడు వాడు.

ముందు వడ్డీకి తెద్దామన్న మాట వచ్చింది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకుది 9. ఆదాయం తగ్గిన ఇంట్లో చిన్న వడ్డీ అప్పు తీర్చడానికి పెద్ద వడ్డీ అప్పా? ఆ మాట అక్కడితో ఆపేశాం.

లోన్ గడువు పెంచుకోవడం గురించే చాలాసేపు లెక్కలు వేశాం. వాడికి ఇంకా 15 లక్షలు, పదేళ్లు మిగిలాయి, ఈఎంఐ దాదాపు 19,000. అదే 20 ఏళ్లకు మారిస్తే 13,500. నెలకు 5,500 మిగులుతుంది కానీ, చివరిదాకా అలాగే కడితే మొత్తం వడ్డీ 7.8 లక్షల నుంచి 17.4 లక్షలకు పోతుంది. చూడగానే గుండె గుభేలుమంది. అయినా ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) ఇంటి లోన్‌కు ముందుగా కడితే పెనాల్టీ ఉండదు. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా అసలులో వేస్తూ పోతే ఆ వడ్డీ తగ్గుతుంది. వాడికి 38 ఏళ్లే కాబట్టి బ్యాంకు వయసు అడ్డం చెప్పలేదు.

ఆదాయం మళ్లీ వచ్చే దారి లేనప్పుడు మాత్రం ఇల్లు మనమే అమ్ముకోవడం మేలు. లోన్ మొత్తం బాకీ ఎంతో తెలిపే లెటర్ బ్యాంకు నుంచి తీసుకుంటే, కొనేవాళ్లు ఆ మొత్తం నేరుగా లోన్‌కు కట్టి, మిగిలింది మనకిస్తారు. వేలంలోనూ బాకీ, ఖర్చులు పోగా మిగిలింది మనదే. కానీ ధర మన చేతిలో ఉండదు, తలుపుకు అంటించిన నోటీసు వీధంతా చదువుతుంది.

టైమే అసలు టెన్షన్. 90 రోజులు దాటిన బకాయితో ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆపై 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, అప్పటికీ కట్టకపోతే స్వాధీనం. నోటీసుకు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం మీద విశాఖపట్నంలోని డీఆర్‌టీకి (బ్యాంకు అప్పుల కేసులు చూసే ట్రిబ్యునల్) 45 రోజుల్లోపు వెళ్లొచ్చు. మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు మాత్రం వేలం ప్రకటన వెలువడే వరకే.

ఆగిన ఈఎంఐల బకాయి మొత్తం కడితే తప్ప ఎన్‌పీఏ ముద్ర పోదు. ఆ డబ్బు కోసం మరదలి గాజులు అమ్మేశాం. తాకట్టు పెడితే ఇంకో వడ్డీ మొదలవుతుందని ఆమే వద్దంది. 47వ రోజున లోన్ గడువు పెంచమని దరఖాస్తు ఇచ్చి, మా కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకున్నాం. మీరు వెళ్లినా అది వేయించుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.