ఏళ్లుగా క్లమాటోతో సీజర్ కలుపుతున్నవాడి రివ్యూ

కెనడాలో ఉంటూ తీపి కాకుండా కాస్త ఉప్పగా, పుల్లగా, కారంగా ఉండే కాక్‌టెయిల్ కావాలనుకునేవాళ్లకి నేను సీజర్ కలుపుకోమంటాను, అంటే వోడ్కాలో క్లమాటో అనే టమాటా, ఆల్చిప్పల జ్యూస్ పోసి చేసే డ్రింక్. దానికి మాట్స్ కంపెనీ క్లమాటో సీసానే కొనుక్కోమంటాను, మామూలు టమాటా జ్యూస్‌తో సరిపెట్టుకోవద్దంటాను. కాకపోతే సీసా వెనక ఏం రాసుందో ఒకసారి చదివి కలపండి. ఉప్పు, తీపి, రుచి పట్టే పని అది ముందే చేసేసి ఉంటుంది. పులుపు, ఘాటు, చల్లదనం మాత్రమే మన వంతు. నేను తాగిన చెడ్డ సీజర్లన్నిటిలోనూ సమస్య ఒక్కటే, ఉన్న ఉప్పు మీద మళ్లీ ఉప్పు వెయ్యడం.

లోపల ఉండేది టమాటా గుజ్జు, నీళ్లు, చక్కెర సిరప్, ఉప్పు, ఉల్లి వెల్లుల్లి పొడులు, అజినోమోటో, క్లామ్స్ అనే ఒక రకం ఆల్చిప్పల్ని ఉడికించిన నీళ్లని ఎండబెట్టి తీసిన పొడి. ఆల్చిప్పలంటే నీచు వాసన కొడుతుందేమోనని మనవాళ్లు చాలామంది ముట్టుకోరు గానీ, నిజానికి ఆ వాసన దాదాపు ఉండదు. గుటక వేశాక నాలుక వెనక కాసేపు నిలిచే రుచి ఒకటి ఉంటుంది, అంతే. ఇంకో సంగతి, ఇది టమాటా జ్యూస్ కంటే బాగా పల్చన. మామూలు టమాటా జ్యూస్, వోడ్కాలతో చేసే బ్లడీ మేరీ సగం తాగేసరికి సూప్ తాగినట్టు కడుపు బరువెక్కుతుంది నాకు, సీజర్‌తో ఆ ఇబ్బంది లేదు.

సీజర్ పుట్టింది మేముండే క్యాల్గరీలోనే. 1969లో క్యాల్గరీ ఇన్ హోటల్లో, అంటే ఇప్పటి వెస్టిన్‌లో, కొత్తగా తెరుస్తున్న ఇటాలియన్ రెస్టారెంట్ కోసం వాల్టర్ చెల్ అనే బార్‌టెండర్ దీన్ని తయారుచేశాడు. టమాటా, ఆల్చిప్పలు వేసి చేసే వోంగొలే స్పగెట్టి రుచిని గ్లాసులోకి తేవాలన్నది ఆయన ఆలోచన. ఆ జ్యూస్ కోసం మొదట్లో ఆల్చిప్పల్ని తనే నలిపి రసం తీశాడట. ఇక్కడి బార్లలో ఈ డ్రింక్ అంటే ఉన్న పట్టింపు అక్కడి నుంచి వచ్చిందే. మే నెల లాంగ్ వీకెండ్‌కి ముందు గురువారాన్ని సీజర్ డే అని కూడా చేసుకుంటారు.

కొలతలు ఇక్కడ అందరికీ నోటికొచ్చే లెక్కే: ఒక ఔన్స్ వోడ్కా, రెండు చుక్కలు హాట్ సాస్, మూడుసార్లు ఉప్పూ మిరియాలూ, నాలుగు చుక్కలు వూస్టర్ సాస్ (నల్లగా, ఉప్పగా, పుల్లగా ఉండేది), పైన నాలుగు నుంచి ఆరు ఔన్సుల క్లమాటో. నేను ఆ మూడోదాంట్లో ఉప్పు పూర్తిగా తీసేసి మిరియాలు మాత్రం అప్పటికప్పుడు దంచి వేస్తాను, ఎందుకంటే సీసాలో ఉప్పుంది, వూస్టర్ సాస్‌లో ఉంది, గ్లాసు అంచుకి పూసే సెలరీ సాల్ట్‌లోనూ (సెలరీ గింజల పొడి కలిపిన ఉప్పు) ఉంది. నిమ్మకాయ మాత్రం ఉత్తినే అంచుకి గుచ్చి వదిలెయ్యకండి, అరచెక్క పూర్తిగా పిండండి. క్లమాటోకి ఉన్న అసలు లోపం దాని తీపి, దాన్ని విరిచేది ఆ పులుపే.

కారం దగ్గర మనకి చెయ్యి ఆగదు కదా. కారప్పొడి వేస్తే కరగదు, అడుగున మడ్డిలా పేరుకుని చివరి గుటకలో గొంతు పట్టుకుంటుంది. ఆవకాయ ఊట వేస్తే నూనె పైకి తేలి పెదవులకి అంటుకుంటుంది. టబాస్కో లాంటి వెనిగర్ ఉన్న సాసే సరైనది, కారంతో పాటు పులుపు కూడా ఇస్తుంది. ఆవ పెట్టిన కూరల్లో ముక్కులోకి ఎక్కే ఘాటు ఇష్టమైతే తాజా హార్స్‌రాడిష్ దుంప కొంచెం తురిమి వేసి చూడండి, రెండింటిలోనూ ఘాటునిచ్చే పదార్థం ఒకటే. వెనిగర్‌లో ఊరిన బీన్స్ డబ్బా ఉంటే ఆ ఊట ఒక చెంచా వెయ్యండి, ఒక బీన్ గ్లాసులో నిలబెట్టండి. సెలరీ కాడ కంటే నాకు అదే ఇష్టం.

కలిపేటప్పుడు షేకర్‌లో వేసి ఊపితే టమాటా నురగ కట్టి రుచి చప్పబడుతుంది. రెండు గ్లాసులు తీసుకుని, టీ చల్లార్చడానికి తిరగబోసినట్టు, ఐసుతో సహా ఇందులోంచి అందులోకి మూడు నాలుగుసార్లు పొయ్యండి చాలు. అంచుకి నిమ్మచెక్క రాసేటప్పుడు బయటివైపు మాత్రమే రాసి సెలరీ సాల్ట్‌లో తిప్పండి. లోపలివైపు అంటితే అదంతా డ్రింక్‌లోకి జారుతుంది. సీసాని పొయ్యబోయే ముందు బాగా కుదపడం మర్చిపోవద్దు, చిక్కటిదంతా అడుగునే ఉంటుంది.

రకాల విషయానికొస్తే, ఎక్స్‌ట్రా స్పైసీ నేను కొనడం మానేశాను. కారం ఎంతుండాలో గ్లాసు దగ్గర తేలాలి గానీ ఫ్యాక్టరీలో కాదు. ఒరిజినల్ తెచ్చుకోవడమే మేలు. తీపి అసలే పడనివాళ్లు వాల్టర్ అనే కెనడా బ్రాండ్ చూడండి. ధర ఎక్కువే, కానీ అందులో అజినోమోటో ఉండదు, టమాటా రుచి బాగా తెలుస్తుంది. అతిథులొచ్చే రోజు నేను అదే తెస్తాను.

వోడ్కా వద్దనుకుంటే బీరుతో కలపండి. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఉండే మనవాళ్లు మెక్సికన్ షాపుల్లో క్లమాటో సీసాల్ని చూసే ఉంటారు, అక్కడ దాన్ని ఎక్కువగా బీరు, నిమ్మరసం, టహీన్ అనే పుల్లటి మెక్సికన్ కారప్పొడితో కలిపి, మిచెలాడా అనే బీరు డ్రింక్‌లా తాగుతారు. తేలికపాటి లాగర్ బీరు చాలు. చేదు ఎక్కువుండే ఐపీఏ రకం బీరుతో మాత్రం అస్సలు కుదరదు, చేదూ తీపీ దేనికదే విడిగా తగులుతాయి. మందు తాగనివాళ్లకి వోడ్కా మానేసి మిగతాదంతా అలాగే కలిపివ్వండి, ఏమీ తగ్గినట్టుండదు.

1.89 లీటర్ల పెద్ద సీసా పదిమంది వచ్చినప్పుడే తెరవండి. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టినా రోజులు గడిచేకొద్దీ వెల్లుల్లి పొడి వాసన పైకొచ్చేస్తుంది, వారం దాటితే నేను పారబోస్తాను. ఇద్దరికైతే చిన్న సీసా చాలు. బీపీ ఉన్నవాళ్లు రెండో గ్లాసుకి ముందు లేబుల్ మీద సోడియం ఎంతో చూసుకోండి.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్పాల్సింది. శాకాహారులకి, రొయ్యలూ ఆల్చిప్పలూ పడనివాళ్లకి చెప్పకుండా ఇది ఇవ్వకండి. చూడ్డానికి అచ్చం టమాటా జ్యూసే కాబట్టి వాళ్లకి అనుమానం రాదు. క్లమాటో తీసేసి టమాటా జ్యూస్ పోసినా వూస్టర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయి, అదీ మార్చాలి. వాల్టర్‌లో ఆల్చిప్పలు లేని వీగన్ రకం దొరుకుతుంది, దానికి వీగన్ వూస్టర్ సాస్ జతచేస్తే వాళ్లూ నిశ్చింతగా తాగొచ్చు.