రువాండా అగసెకె బుట్ట: ఖరీదే, అయినా కొనొచ్చు

రువాండా రాజధాని కిగాలీలో ఉద్యోగం చేస్తున్నాను. పెద్దమ్మ కూతురి పెళ్లికి కానుకగా అగసెకె కొన్నాను. మొన తేలిన మూతతో ఉండే ఈ బుట్ట రువాండా రాజముద్రలోనూ కనిపిస్తుంది. పెళ్లిళ్లలో ఇవ్వడం అక్కడ పాత ఆనవాయితీ.

పనితనం అద్భుతం. గడ్డిపోచల్ని కట్టగా చేసి, చుట్టలు చుట్టుకుంటూ పోయి, ఒక్కో చుట్టనూ రంగు వేసిన కిత్తనారతో సూది పెట్టి కుడతారు. వెలుతురుకి ఎత్తి చూశాను, ఎక్కడా సందు లేదు. మూత కాస్త బిగుతు, అదీ మంచిదే.

దీన్ని శాంతి బుట్ట అని కూడా అంటారు, ఆ పేరు ఉత్త ప్రచారం కాదు. 1994 మారణహోమంలో దాదాపు 100 రోజుల్లో లక్షల మందిని చంపేశారు, ఎక్కువమంది టుట్సీ తెగవాళ్లే. తర్వాత భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లూ, ఆ హత్యలకు జైలుకెళ్లిన వాళ్ల భార్యలూ ఒకే సంఘాల్లో చేరి పక్కపక్కన కూర్చుని ఇవి అల్లారు. బుట్టలు అమ్మిన డబ్బుతో ఇళ్లు నడిపారు. క్షమాపణ సంగతి నాకు తెలియదు గానీ, పక్కన కూర్చోవడమే చిన్న విషయం కాదు.

నచ్చనిదొకటి: నేను కొన్న దుకాణంలో ఎవరు అల్లారని అడిగితే సేల్స్ కుర్రాడు నీళ్లు నమిలాడు. మీరు కొనేటప్పుడు నేరుగా అల్లేవాళ్ల సంఘం దగ్గరే కొనండి. తడిగుడ్డతో మాత్రం తుడవకండి, నల్లరంగు దిగుతుంది.